అడుగుముక్క

వేడినీళ్లలో నానిన బాదంగింజను రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కితే పప్పు తోలు వదిలి టపుక్కున ఎగురుతుంది. ఒక్కోసారి గిన్నెలో పడకుండా నేలమీద దొర్లుతుంది. అలా దొర్లినప్పుడల్లా మా అత్తమ్మ మగ్దలేనమ్మ పీట మీంచి మెడ చాచి, "అగో, పొయ్యి కిందికి వోయింది, చూడు" అనేది. నేను వంగి, తీసి, కడిగి గిన్నెలో వేసేదాన్ని. నోట్లో వేసుకుంటానేమోనని ఆమె భయం. వేసుకోవాలని నా కోరిక. ఆ రెండింటి మధ్యా గిన్నెడు బాదం వలిచేసరికి నా వేళ్లు ముడతలు పడేవి. తోళ్లు మాత్రం పూర్తిగా నావే. వాటిని తీసుకెళ్లి గులాబీ మొదట్లో పోసినా, మల్లె మొదట్లో పోసినా నన్ను అడిగేవాళ్లు లేరు.

తమాషా ఏమిటంటే ఆ గింజలు నాకు రాసిన మందు. అరవై రెండో సంవత్సరం వానల్లో నాకు ఆరో నెలలో కడుపు పోయింది. అది రెండోసారి. మిషన్ దవాఖానలో డాక్టరమ్మ నా కనురెప్ప కిందికి లాగి చూసి, సున్నం కొట్టిన గోడను చూసినట్టు చూసి, మా ఆయన యెషయా వైపు తిరిగింది. "సీసాలో మందు ఇస్తాను. అది ఒక్కటే చాలదు. రోజూ పిడికెడు గింజలు తినాలి ఈమె. పల్లీలు, నువ్వులు, సారపప్పు, దొరికితే బాదం, అక్రోటు. ఒంటికి బలం రావాలి, రక్తం పట్టాలి. ఈసారి కడుపు నిలవాలంటే ముందు ఈమె నిలబడాలి కదండీ" అంది. మా ఆయన బుద్ధిగా ఆఫీసు కాగితం వెనక అన్నీ రాసుకున్నారు. ఆయన మందమర్రి గనుల ఆఫీసులో గుమాస్తా. ఏదైనా కాగితం మీదికి ఎక్కితే ఆ పని అయిపోయినట్టే ఆయన లెక్క. అయినా చెడ్డవాడు కాదు. ఆ నెలలోనే పనిమీద హైదరాబాదు పోయి బాదం, కాజు, అక్రోటు పొట్లాలు కట్టించుకొచ్చారు. ఆసిఫాబాద్ అంగడి నుంచి సారపప్పు తెప్పించారు. అన్నీ తెచ్చి వాళ్లమ్మ ముందు పెట్టి, "అవ్వా, గివి దెబోరాకు" అన్నారు.

"బయట వెడితె ఎలుకలు వడుతయి" అంటూ అత్తమ్మ వాటిని రేకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి ఆమె నడుముకు చేరింది. ఎలుకల సంగతేమో గాని నేనైతే ఆ పెట్టె దరిదాపులకు పోలేకపోయాను.

మా ఇంట్లో గింజలకు కూడా కులాలుండేవి. మాది బాప్తిస్మం తీసుకున్న ఇల్లని వాటికెవరూ చెప్పినట్టు లేదు. బాదం మగవాళ్లది. కాజు వచ్చినవాళ్లది. సారపప్పు పండుగది. పల్లీలు పిల్లలవి, ఆ పిల్లలు ఇంకా పుట్టలేదు. నేను హైదరాబాదులో బి.ఏ. చదివినదాన్ని గనుక ఒకరోజు ధైర్యం చేసి, "అత్తమ్మా, డాక్టరమ్మ చెప్పిన గింజలు..." అని మొదలుపెట్టాను. "గింజలు తింటెనే నెత్తురు వడితె, ఉడుతకు ఎంత నెత్తురుండాలె బిడ్డా?" అని చీపురు చేతికిచ్చింది. మా ఆయనకు చెప్పుకుంటే, "అవ్వనడుగు, ఇయ్యదా? గింత దానికి నన్నెందుకు పరేషాన్ చేస్తవ్" అని పక్కకు తిరిగారు. ఆ వాక్యంలో ఆయన తప్పేమీ లేదు. నేను రెండు మూడుసార్లు వెతికి చూశాను.

ఇంతకూ ఆ పెట్టె తెరుచుకునేది నెలకొక్కసారి. మొదటి ఆదివారం గుడిలో ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడానికి పాస్టరు అయ్యగారు బెల్లంపల్లి నుంచి వచ్చేవారు. ఆరాధన అయ్యాక చాయ మా ఇంట్లోనే. చాయతో కేకు. అత్తమ్మ చిన్నతనంలో మిషన్ బంగళాలో దొరసాని దగ్గర వంటచేసి కేకు నేర్చుకుంది. ఇప్పుడు కీళ్లనొప్పులకు ఆమె వేళ్లు వంగవు గనుక గుడ్లు గిలక్కొట్టడం, వెన్న నలపడం, మైదా జల్లించడం నా వంతు; పీట మీద కూర్చుని చూడటం ఆమె వంతు. కేకు మాత్రం ఊళ్లో అందరికీ "మగ్దలేనమ్మ కేకే".

మందమర్రిలో దేనికి కరువున్నా నిప్పుకు కరువు లేదు. వాకిట్లో బొగ్గు రాజేసి, పొగ పోయేదాకా కాలనిచ్చి, పెద్ద దేగిశలో ఇసుక పోసి, ఇసుక మీద కేకు డబ్బా పెట్టి, మూత మీద కూడా కణకణలాడే బొగ్గులు పేర్చేవాళ్లం. మా ఊరి బొగ్గుకు నిదానం తెలియదు. పైన బంగారంలా పొంగేలోపల కింద మాడేది. అందుకని డబ్బా బోర్లించగానే అడుగు వేలు మందాన కోసి తీసి, పైభాగం ముక్కలు చేసి ముందుగదికి పంపేవాళ్లం. అడుగు వంటింట్లో ఉండిపోయేది. అడుగుముక్క కోడలిదని ఎక్కడా రాసి లేదు. రాసి లేనివే మా ఇంట్లో గట్టిగా నడిచేవి.

మొదటి నెల నాకేమీ తెలియదు. అత్తమ్మ కళ్లముందే వలిచిన బాదం, పలుకులు చేసిన అక్రోటు, సారపప్పు అన్నీ కలిపిన పిండిలో గుమ్మరించాను. సాయంత్రం ముందుగదిలో మా ఆయన గొంతు వినిపిస్తోంది. "తినుండ్రి అయ్యగారూ, బాదంల ఉన్న బలం మాంసంల గూడ లేదట. డాక్టరమ్మ చెప్పింది. అక్రోటు అయితే మెదడుకు. ఏం దేవదాస్, ఇంకో ముక్క తీస్కో, నీకు అవసరం." ఆయన ఆఫీసు స్నేహితుడు దేవదాస్ నవ్వుతున్నాడు. నా మందు మా సంఘమంతా తింటోంది, వాళ్లకైనా రక్తం పట్టనీ అనుకుంటూ నేను వంటింట్లో నిలబడి అడుగుముక్క మీద నలుపును కత్తితో గీకి, కొరికాను.

పంటికి బాదం తగిలింది.

మళ్లీ కొరికాను. అక్రోటు. ముక్క తిరగేసి చూస్తే గింజలన్నీ అక్కడే ఉన్నాయి, ఆలస్యంగా వచ్చి గుడిలో వెనక గోడకు ఆనుకుని కూర్చున్నవాళ్లలా ఒకళ్లమీద ఒకళ్లు. నేను కలిపిన పిండి పలచనైంది. బరువుకు గింజలన్నీ కిందికి దిగిపోయాయి. నిప్పుకు దగ్గరగా ఉన్నాయేమో, బాదం ఎర్రగా వేగి కరకరలాడుతోంది. సారపప్పు వెన్నలో నాని కమ్మగా అయింది. మాడిన చక్కెర చిరుచేదు మీద అక్రోటు నూనె నాలుకంతా పాకింది. పచ్చిగింజ ఎంత బలమైనా ఇంత రుచి ఎక్కడిది? నాకు నవ్వొచ్చింది. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఆ కాలనీలో వందల క్వార్టర్లున్నాయి, నేను చెప్పగలిగిన మనిషి లేదు. పొయ్యికి చెప్పాను.

ఆ తర్వాత దవాఖాన బెంచీ మీద అట్ట చిరిగిన ఇంగ్లీషు పత్రిక ఒకటి దొరికింది. కేకులో వేసే గింజలను ముందు పొడి మైదాలో దొర్లించాలనీ, లేకపోతే అడుగుకు దిగుతాయనీ అందులో ఉంది. రెండుసార్లు చదివి పేజీ మూసేశాను. నా చదువు నాకు అంతగా పనికొచ్చింది అదే మొదలు. ఆ నెల నుంచి పాలు ఇంకో రెండు చెంచాలు ఎక్కువ పోసేదాన్ని.

అట్లా ఏడాది గడిచింది. మొదటి ఆదివారం నాటి అడుగును గుడ్డలో చుట్టి, జాడీలో దాచి, రోజుకింత తినేదాన్ని. అది దొంగతనమా కాదా అని కొన్నాళ్లు ఆలోచించాను. నా మందు నేను తింటే ఎనిమిదో ఆజ్ఞకు అభ్యంతరం ఉండదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ముందుగదిలో మా ఆయన ప్రసంగం నెలనెలా పెరుగుతూ వచ్చింది. బాదం నుంచి గుండెకూ, గుండె నుంచి ఆయుష్షుకూ పోయింది. ఇన్ని నెలల్లో ఒక్క మగవాడికి కూడా తన ముక్కలో గింజ లేదన్న సంగతి తట్టలేదు. వాటి గురించి మాట్లాడుకుంటేనే వాళ్ల కడుపు నిండేది. అత్తమ్మ తన ముక్కను చాయలో ముంచుకుని, నా వైపు చూడకుండా తినేది.

డాక్టరమ్మ మళ్లీ కనురెప్ప లాగి చూసి, "పరవాలేదే, గింజలు తింటున్నావన్నమాట" అంది. తింటున్నానన్నాను. నవంబరులో మూడో నెల. మా ఆయనకు చెబితే, "దేవునికి స్తోత్రం. బొగ్గు గంప లేపకు" అన్నారు. గంప ఎవరు లేపాలో చెప్పకుండానే ఆఫీసుకు పోయారు.

డిసెంబరు మొదటి ఆదివారం. పెట్టె తెరుచుకుంది. అత్తమ్మ ఎప్పటికంటే ఎక్కువే తీసి చేటలో పోసింది. నేను వలిచి, తరిగి, పిండి గిన్నె దగ్గరికి జరుపుకున్నాను. మైదా డబ్బా మూత తెరిచే ఉంది.

"పిండి అద్దకు" అంది అత్తమ్మ, గొంతు తగ్గించి.

నా చేయి ఆగిపోయింది. "ఏంది అత్తమ్మా?"

"గింజలకు పిండి అద్దకంటున్న. అద్దితె పైన్నే నిలుస్తయి. నాకు తెల్వదనుకున్నవా? దొరసాని చేతుల నేర్చిన కేకు. నీ మామ అహరోను దొరలతోని బల్లకాడ కూసుండి తింటుండె. నేను వంటింట్ల నిలవడి అడుగుది తింటుంటి. నలుగురు పిల్లలు పోయినంక నిలిచిండు మీ ఆయన. వాడు కడుపుల ఉన్నన్ని దినాలు నేను గింజలకు పిండి అద్దలె." ఒక బాదంపలుకును వేలితో చేటలో అటూ ఇటూ జరిపింది. "తిను బిడ్డా. అడుగుది ఎవ్వలడగరు."

"మరి తాళమెందుకు వేసిండ్రు? ఒక పిడికెడు నా చేతిల పెడితె అయిపోతుండె గదా?"

వాకిట్లో బొగ్గు చిటపటమంది.

"చేతిల పెట్టుడు నాకెవ్వలు నేర్పలె" అంది.

కోపం రావలసిన చోట నాకు చలి వేసింది. ఏడాదిపాటు ఒకే వంటింట్లో, ఒకే పొయ్యి ముందు, తెలిసిన ఇద్దరం తెలియనట్టు కూర్చున్నాం. నేను పొయ్యికి చెప్పుకున్నాను. ఆమె ముప్పై ఏళ్లు ఎవరికి చెప్పుకుందో. ఆమె నాకిచ్చింది దయేనని నాకు తెలుసు. ఆమె దగ్గర ఉన్నదంతా అదే. కాని నా కడుపులో ఉన్నది ఆడపిల్లయితే, ఒకనాడు నేను కూడా ఇట్లాగే గొంతు తగ్గించి, దాని చెవిలో, పిండి అద్దకు బిడ్డా అని చెప్పాలి. నిలబడి తినడం నేర్పాలి.

డబ్బాలోంచి పిడికెడు మైదా తీసి చేటలో చల్లి, గింజలు తెల్లగా అయ్యేదాకా దొర్లించాను.

"పిచ్చి లేసిందా? అందరికి వోతయి!"

"పోనియ్యుండ్రి. మనకు గూడ వస్తయి."

సాయంత్రం కేకును అడుగు కోయకుండానే, నలుపు మాత్రం గీకి, నిలువునా ముక్కలు కోశాను. ఐదు ప్లేట్లు ముందుగదికి తీసుకుపోయాను. అయ్యగారికి ఒకటి, దేవదాస్‌కు ఒకటి, మా ఆయనకు ఒకటి ఇచ్చి, గోడవార కుర్చీ లాక్కుని నాలుగోది నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన నన్ను చూసి, కుర్చీని చూసి, కేకు కొరికారు. నమలడం ఆగింది.

"అరె, ఇందుల బాదం ఉన్నదే! గీసారి ఏసినవా?"

"ఎప్పుడు వేస్తనే ఉన్న. తినుండ్రి, గుండెకు మంచిది."

దేవదాస్‌కు దగ్గొచ్చింది. అయ్యగారు చాయలోకి చూశారు. నేను తిన్నాను. ఇంతమందిలో కూర్చుని తింటున్నా వంటింట్లో నిలబడ్డప్పటికంటే ఒంటరిగా అనిపించింది, అయినా లేవలేదు. ఐదో ప్లేటు ఖాళీ కుర్చీ మీద పెట్టి, "అత్తమ్మా, రాండ్రి, కూసోని తినుండ్రి" అని పిలిచాను.

ఆమె గడప దాకా వచ్చింది. కుర్చీని, అందులో ఎవరో కూర్చుని ఉన్నట్టు, కాసేపు చూసింది. లోపలికి రాలేదు. గడప మీదే కూర్చుని చేయి చాచింది. నేను లేచి ప్లేటు ఆమె చేతిలో పెట్టాను.

ఆమె కేకు ముక్క తీసుకుని, కొరకబోయే ముందు, తిరగేసి అడుగు చూసింది.