మూడుసార్లు చేసిన పరీక్ష

నాకు నోరు ఆగదు. ల్యాబ్ సంగతులు ఇంట్లో చెప్పనని మాటిచ్చి మరీ ఉద్యోగంలో చేరాను. అయినా మొన్న అక్క మొహం చూసి ఉండబట్టలేక వాగేశాను. "మన చిట్టిదాని మందు వస్తోందక్కా!"

చిట్టిది మా అక్క కూతురు. ఆరేళ్లు. మెదడులో కణం రేగినప్పుడు పొటాషియం బయటికి పోతేనే అది చల్లబడుతుంది. చిట్టిదానికి పుట్టుకతోనే పొటాషియం పోయే దారులు సరిగ్గా తెరుచుకోవు. అందుకే రోజుకు పదిసార్లు మూర్ఛ. కొత్త మందు ఆ దారులనే తెరుస్తుంది. మా పై అంతస్తు వాళ్లు ఏడేళ్లు నానా చావూ చచ్చి తయారుచేశారు.

ఏ మందైనా మనిషి నోటికి చేరేముందు నా బల్ల మీదికి రావాల్సిందే. గుండెలోనూ వేరే రకం పొటాషియం దారులున్నాయి. మందు వాటిని మూసేస్తే గుండె లయ తప్పుతుంది. వెంట్రుక కన్నా సన్నని గాజు గొట్టం మొనను ఆ దారులున్న ఒక్క కణానికి అంటించి, మందు వదిలి, తెర మీద గీత చూస్తాను. గీత కుంగిందంటే దారులు మూసుకున్నట్టు, ఆ మందు పని అయిపోయినట్టే. ఇవాళ చిట్టిదాని మందు వదిలాను.

కుంగింది.

గొట్టాన్ని తిట్టుకుని కొత్తది తీశాను. మళ్లీ కుంగింది. మూడోసారి కణాలు మార్చాను, ద్రావణం మార్చాను, నా దరిద్రపు చేతులు తప్ప అన్నీ మార్చాను. మా పెద్దసారు వెనకాల నిలబడి, "ఇంకెన్నిసార్లమ్మా? అది మారదు," అన్నారు మెల్లగా. ఏడుస్తూనే నివేదిక మీద సంతకం పెట్టాను.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అక్క వంటింట్లో చిట్టిదానికి పాలు తాగిస్తోంది.

"ఆ మందు పోయిందక్కా. గుండెకి పడదు."

"ఎవరే చెప్పింది?"

"నేనే. నేనే చూశాను."

"వేసుకున్న వాళ్లందరికీ గుండె ఆగిపోతుందా?"

"లేదు. ఎక్కడో వేలల్లో ఒకరికి ఆగొచ్చు."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. చిట్టిదాని మూతి తుడుస్తూ అంది, "దీనికి రోజుకి పదిసార్లు ఊపిరి ఆగుతోంది కదే. మమ్మల్ని ఒక్క మాట అడగలేకపోయారా?"

ఏదో చెప్పబోయాను. అంతలో చిట్టిదాని కళ్లు పైకి పోయాయి. గ్లాసు కింద పడింది. అక్క దాన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టి, పైకే అంకెలు లెక్కపెట్టడం మొదలెట్టింది. నేను తల కింద చెయ్యి పెట్టాను. అరవై దాటినా మూర్ఛ ఆగలేదు. మూడుసార్లు ఆ గీతను కళ్లారా చూసినదాన్ని, ఆ మందు అప్పుడు నా చేతిలో ఉంటే వేసేసేదాన్ని.