మూట మీద నా పేరు

"ఒప్పుకుంటే పోతాది కదా ఆసిఫా. ఆడదానివి, బిడ్డతల్లివి. జాలిపడి ఇంటికి పంపించేస్తారు."

ఉగ్గాని ప్లేటు ముందు పెట్టుకొని, మిరపకాయ బజ్జీ తుంచుకుంటా అన్నాడు మా ఆయన ముజాహిద్. బజ్జీలు బాగొచ్చినాయని కూడా అదే గొంతుతో అన్నాడు. నేను స్టవ్ దగ్గరే నిలబడి ఉన్నా. ఈరోజు జనవరి ఒకటి. ఈ దేశంలో ఇది పండగా కాదు, సెలవూ కాదు. ఈయన మాత్రం నాకోసమని డెయిరీలో సెలవు పెట్టినాడు. మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత నన్ను రియాద్‌లో విచారణకు రమ్మన్నారు. అక్కడ కూర్చొని, గంజాయి నూనె తెప్పించింది నేనే అని చెప్పాలంట. తెప్పించింది ఈయన!

మొదట్నుంచీ చెప్తా. లేకుంటే మా అత్తకు అర్థమైనట్టే మీకూ అర్థమవుతుంది.

మా పాప అఫ్షాన్‌కు చంటిబిడ్డగా ఉన్నప్పటి నుంచీ ఫిట్స్. ఇక్కడ వాడని మందు లేదు. సెలవులకు రాయచోటికి పోయినప్పుడు బెంగళూరులో ఒక డాక్టరు గంజాయి మొక్క నుంచి తీసిన నూనె రాసిచ్చినాడు. మత్తెక్కించే గుణం తీసేసిన మందు అది, నాలిక కింద చుక్కలు వేసేది. ఆ సెలవుల్లో నా బిడ్డ మేడ మెట్లు తనకు తానే ఎక్కింది. అమ్మా అని కాదు, "ఆసిఫా" అని పేరు పెట్టి పిలిచి, నేను తిరిగి చూస్తే పకపకా నవ్వింది. తిరిగొచ్చే రోజు ఆ సీసాను మా అత్త ఫ్రిజ్‌లో పెట్టి వచ్చేసినా. ఈ దేశంలోకి అది తేకూడదు. తేకూడదంటే తేకూడదు, అంతే. విమానంలో బిడ్డను ఒళ్లో పెట్టుకొని ఎంత ఏడ్చినానో ఆ అల్లాకే తెలుసు.

ఏడ్చి ఊరుకోలేదు. అట్లాంటి బిడ్డలున్న తల్లులతో ఒక గ్రూపు పెట్టినా. ఇక్కడివాళ్లు, కువైట్ వాళ్లు, మన ఊర్లవాళ్లు. వాయిస్ మెసేజీల్లో ఒకటే మాట చెప్పేదాన్ని. అడుగుదాం. డాక్టర్లను అడుగుదాం, ఎంబసీని అడుగుదాం, పెద్ద ఆఫీసులకు అర్జీలు పెడదాం. దొంగతనంగా మాత్రం ఒక్క చుక్క కూడా తేవద్దు, పట్టుబడితే మనుషులతో పాటు మందు కూడా చెడ్డపేరు తెచ్చుకుంటుంది, ఇంక మన మాట వినేవాళ్లుండరు అని. ఇంట్లో దానికి 'గంజాయి యూనియన్' అని పేరు. "ఏం లీడరమ్మా, అన్నం ఉడికిందా?" అనేవాడు ఈయన. అన్నం ఉడికేది. బిడ్డకు మందులు పడేవి, గుడ్డలు ఉతికేది అయ్యేది, అన్నీ అయినాకే నేను ఫోన్ పట్టుకునేది. అయినా ఫోన్ పట్టుకున్నదే కనపడేది. ప్రతి కొత్త సంవత్సరానికీ ఒక్కో తల్లి ఒక్కో కోరిక గ్రూపులో చెప్పాల. మా బిడ్డల మందు మందులషాపులో దొరకాల, ఇది ఎప్పుడూ నా కోరిక.

ఇంక మూట సంగతి. మేం నూర్‌బాషాలం, ఇంట్లో తెలుగే. మావాళ్లలో ఒక పద్ధతి ఉంది. సెలవు నుంచి ఎవరు తిరిగొస్తున్నా ఇక్కడున్న తమవాళ్లకు ఇమ్మని వీధిలో ప్రతి ఇంటి నుంచీ ఒక మూట వాళ్ల చేతికొస్తుంది. ముసలివాళ్లు దాన్ని పాత పంచెగుడ్డలో పెట్టి, గోనెసంచి సూదితో కుట్టేస్తారు. తెచ్చేవాళ్లు లోపలేముందని అడగరు. అడిగితే, నీమీద నాకు నమ్మకం లేదు అని మొహానే అన్నట్టు. మా అత్త కుట్టడమయినాక పైన మార్కర్‌తో నా పేరు రాయిస్తుంది. తిండి సామాన్లు కదా, వంటింటికి పోయేవి కదా, కోడలి పేరే రాయాలంట. పెళ్లయినప్పటి నుంచి ఆ ఇంట్లో నా పేరు రాసింది ఆ ఊరగాయ మూటల మీద ఒక్కటే. స్థలం కాగితాల్లో లేదు, ఇంటి కాగితాల్లో లేదు, పెళ్లిపత్రికల్లో పిలిచేవాళ్ల కింద కూడా లేదు.

మొన్న వచ్చిన మూటలో పండుమిరపకాయ ఊరగాయ డబ్బా, దాని నడిమధ్యలో కవర్ చుట్టిన ఆ నూనె సీసా. తెచ్చింది మస్తాన్ వలీ, మా వీధి మనిషే, ఇక్కడ ట్రాలీ లారీ తోలుతాడు. ఎయిర్‌పోర్టులోనే కుట్లు విప్పినారు. మనిషి అప్పుడు లోపలికి పోయినవాడు ఇంకా రాలేదు. ఆయన భార్య జబీ రాయచోటి నుంచి ఫోన్ చేస్తుంది, "వదినా, మా ఆయన బీడీ కూడా తాగడు వదినా" అని.

మూట మీద నా పేరు. ఫోన్‌లో గంజాయి నూనె గురించి నా గొంతు. ఇంక వేరే ఎవరిని పిలుస్తారు? మొదటిసారి పిలిచినప్పుడు నాకేమీ తెలీదన్నా, అది నిజమే. దేశం దాటి పోకూడదని షరతు పెట్టి పంపించినారు. ఇంటికొచ్చి, ఎవరు చేసినారో ఈ పని అని గోడకానుకొని ఏడుస్తుంటే, ఈయన టీవీ మీద నుంచి కళ్లు తీయకుండా, "నేనే అమ్మకు చెప్పినా" అన్నాడు.

ఎందుకని అడిగినా. "బిడ్డను అట్ల చూడలేక" అన్నాడు. నిజమే. అంతకుముందు కారులో బిడ్డకు ఫిట్స్ వచ్చినప్పుడు స్టీరింగ్ మీద తలపెట్టి ఏడ్చిన మనిషి ఈయనే. నాది మాత్రం బండరాయి గుండెనా? ఆ సీసా మీద నాకు ఆశ లేదా? రోజూ ఉంది. రోజూ అణుచుకున్నా. నాతో ఒక్క మాట చెప్పింటే వద్దనేదాన్ని, అందుకే చెప్పలేదు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

మా అత్త ఫోన్‌లో, "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చినావు కదే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ గ్రూపూ గొడవా లేకుంటే ఊరగాయ ఊరగాయ మాదిరే వచ్చుండేది" అనింది. మూట కుట్టిన చేయి తనది, తప్పేమో నా నోటిది! డెయిరీలో మేనేజరు ఈయన్ను పిలిచి "కంట్రోల్ యువర్ వైఫ్" అన్నాడంట. అది కూడా నాకే అప్పజెప్పినాడు, ఏదో బజారు నుంచి నా వస్తువు తెచ్చిచ్చినట్టు.

"నేను లోపలికి పోతే ఉద్యోగం పోతాది, ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు పోతాది, అందరం రోడ్డున పడతాం" అంటున్నాడు ఇప్పుడు, చేయి కడుక్కుంటా. "నువ్వయితే..."

"నేనయితే?"

"నీకేముందే. ఇంట్లోనే కదా ఉండేది."

నేను గరిటె కింద పెట్టినా. "సరే. నేను పోయినాక అఫ్షాన్‌కు మందులెవరిస్తారు?"

"అమ్మను పిలిపిస్తా."

"వీసా వచ్చేదాకా?"

ఆయన నోరు తెరిచేలోపే హాల్లో స్పూన్ కిందపడిన చప్పుడయింది. బొమ్మల ముందు కూర్చొని తింటున్న బిడ్డ పక్కకు ఒరిగిపోయింది. చేతులు బిగుసుకుపోయినాయి, కళ్లు పైకి పోయినాయి. నేను పరిగెత్తేలోపు ఆయన నాకంటే ముందు పరిగెత్తినాడు, బిడ్డ దగ్గరికి కాదు, తలుపు పక్క మేకు దగ్గరికి. కారు తాళాలు తెచ్చి దాని పిడికిట్లో కుక్కుతా ఉన్నాడు.

"ఇనుము పట్టిస్తే ఆగుతాది, గట్టిగా పట్టుకోనీ!"

"తీయయ్యా ఆ తాళాలు, వేళ్లు కోసుకుపోతాయి!"

"నోట్లో నీళ్లు పోద్దామా?"

"పొయ్యొద్దు! బిడ్డను చంపేస్తావా?" అని అరిచినా. ఆయన మీద అంత గట్టిగా ఎప్పుడైనా అరిచినట్టు నాకు గుర్తు లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టినా, దుపట్టా మడిచి తల కింద పెట్టినా, నోట్లో ఉన్న మెతుకులు బయటికి జారనిచ్చి, గడియారం చూస్తా కూర్చున్నా. ఆగింది. బిడ్డ పెద్దగా ఊపిరి తీసుకొని నిద్రలోకి జారుకుంది. దాని చెంప తుడిచినా. ఆయన ఇంకా తాళాలు పట్టుకొనే నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం, నా బిడ్డకు ఫిట్స్ వస్తే ఏం చేయాలో ఈ మనిషికి తెలీదు. తెలుసుకునే అవసరం ఎప్పుడూ రాలేదు, నేనున్నా కాబట్టి.

అప్పుడు నాకు ఏడుపు రాలేదు. మనసు కుదుటపడింది.

"ఆ తాళాలు నీ చేతిలోనే ఉండనీ. పాప లేచినాక కారు తియ్యి, ముగ్గురం పోదాం" అన్నా.

"ఏం చెప్తావు?"

"మూట మీద పేరు నాది, తెప్పించింది మా ఆయన అని చెప్తా. మస్తాన్ వలీకి ఏమీ తెలీదని నువ్వు నీ నోటితో చెప్పు."

"నన్ను జైల్లో పెట్టిస్తావా ఆసిఫా?"

"బిడ్డ కోసం తెప్పించినావని కూడా చెప్తా. ఏడ్చినావని చెప్తా. అదీ నిజమే కదా, దాన్నెందుకు దాస్తా? నువ్వు లోపలుంటే ఈ బిడ్డ ఎట్లనో బతుకుతుంది. నేను లోపలుంటే బతకదు. ఇప్పుడే చూసినావు."

ఆయన నిద్రపోతున్న బిడ్డను చూసినాడు. దాని పక్కన నేలమీద కూర్చున్నాడు. "ఏ పక్కకు తిప్పినావు?" అని అడిగినాడు. ఎడమ పక్కకని చెప్పినా.

ఫోన్ తెరిస్తే, తెల్లారినప్పటి నుంచీ గ్రూపులో కోరికలు వచ్చి పడున్నాయి. మా పాప బడికి పోవాల. మా బాబు నన్ను అమ్మా అని పిలవాల. భయపడి గ్రూపు వదిలేసి పోయినవాళ్లున్నారు, వాళ్లను తప్పు పట్టను. పోకుండా ఉన్నవాళ్లంతా అడుగుతున్నారు, ఆసిఫక్కా, నీ కోరిక ఏదక్కా అని. మైక్ నొక్కి, ఆయన వింటుండగానే చెప్పినా.

"అక్కలారా, చెల్లెళ్లారా, ఈ ఏడు నా కోరిక మారింది. ఏ నాయనకీ బిడ్డ మందును ఊరగాయలో దాచే గతి పట్టకూడదు. ఒకవేళ దాచినా, ఆ మూట మీద వాళ్లమ్మ పేరు రాయకూడదు."