అట్టకట్టిన ఊకగుట్ట

మా ఆయన ఎలోమ్‌కు చెవులు రెండూ బాగానే పనిచేస్తాయి, నేను మాట్లాడేటప్పుడు తప్ప. ఆ పొద్దున మిల్లు ఊకగుట్ట ఎక్కొద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. రాత్రి అంత వాన పడ్డాక లోపల నిప్పెక్కడిదని కొట్టిపారేశాడు. మా అబకలికి ఊళ్ళోని బియ్యం మిల్లుల్లో అందరిదీ అదే నమ్మకం. నిజానికి వానకు పైన ఊక తడిసి అట్టకడుతుంది, అంతే. అడుగున నిప్పు రాజుకుంటూనే లోపలంతా డొల్ల చేస్తుంది.

ఎక్కకపోతే పని సాగదు, అదీ నిజమే. మేము ఊకను పలచని ఆమ్లంలో కడిగి, ఆరబెట్టి, ఇటుకల కొలిమిలో కాలుస్తాం. సెగ చాలకపోతే బూడిద నల్లగా ఉండిపోతుంది, మించిపోతే గరుకెక్కి ఎందుకూ పనికిరాదు. సరిగ్గా కుదిరితే మైదాపిండిలాంటి తెల్లని సిలికా వస్తుంది. టైర్లు చేసేవాళ్ళు పట్టుకుపోతారు. ఆ రోజు కొలిమి ఖాళీగా ఉంది. మిల్లువాళ్ళేమో కొత్త ఊకంతా గుట్ట నెత్తిన పోసి టార్పాలిన్ కప్పారు.

గోనెసంచులు భుజాన వేసుకుని, పాట అందుకుని ఎక్కాడు మహానుభావుడు. నేను కింద నిలబడి తిడుతూనే ఉన్నాను. పాట మధ్యలో ఆగింది. తలెత్తి చూస్తే తొడల దాకా ఊకలో కూరుకుపోయి ఉన్నాడు.

లారీలకు బస్తాలెత్తే హమాలీలు బకెట్లతో నీళ్ళు తీసుకుని పరుగెత్తుకొచ్చారు. నేను అడ్డంగా చేతులు చాపాను.

"నీళ్ళు పోశారంటే ఆవిరికి ఉడికిపోతాడు. లారీ పలకలు తెండి, తాడు తెండి."

వాళ్ళ మేస్త్రీ ఒరోకే నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. కానీ బకెట్ దించాడు.

పలకలు పరిచారు. అక్కడున్న వాళ్ళలో బక్కదాన్ని నేనే కాబట్టి బోర్లా పడుకుని పాకాను. పలకల కింద ఊక జారుతోంది. సందుల్లోంచి వేడి పొట్టకు తగులుతోంది. ఇద్దరం పోతే పిల్లల గతేమిటని వెనక్కి వచ్చేయాలనిపించింది, దాచడమెందుకు. కదలొద్దంటే ఎలోమ్ కదల్లేదు. పెళ్ళయ్యాక నా మాట విన్నది అదే మొదలు. చంకల కింద తాడు కట్టాను. ఒరోకే మనుషులు లాగారు.

మిల్లు రేకుల నీడలో పడుకోబెట్టాం. ఒరోకే బండి కోసం పరుగెత్తాడు. ఎలోమ్‌కు మోకాళ్ళ కింద ప్యాంటు మిగల్లేదు. అరికాళ్ళ వైపు ఒక్కసారి చూసి మళ్ళీ చూడలేకపోయాను. ఆయన మాత్రం నవ్వుతున్నాడు.

"చూశావా ఉగోయే, నొప్పే లేదు. ఊరికే ఊరంతా ఏకం చేశావు."

కొలిమి దగ్గర బతికేదాన్ని, నాకు తెలియదా? కాలినవాడు కేకలు పెడితే మాకు ధైర్యం, తోలు కింద ప్రాణం ఉందని. నొప్పి తెలియకపోతేనే భయం. ఆయనేమో మధ్యాహ్నానికల్లా కొలిమి రాజేద్దామని, ఈసారి సెగ తానే చూసుకుంటానని చెప్పుకుపోతున్నాడు. నేను ఊఁ కొడుతూ, ఆయన చూడకుండా చేయి చాపి, కాలి బొటనవేలిని గోరు దిగేలా గిల్లాను.

ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు.