లవంగం వాసన

గుండీలు ఊడిన చొక్కాలు ఒక పక్కకి, కాలరు మురికి వదలనివి ఇంకో పక్కకి వేస్తూ ఆవిడ ఎడమ దవడని వేలితో నొక్కుకుంది. లాండ్రీ షట్టరు ఇంకా సగమే లేచి ఉంది. కింది సందులోంచి దూరిన ఎండ ఆవిడ చెప్పుల దాకా వచ్చి ఆగింది. పొద్దున్న లేచినప్పటి నుంచీ దవడలో నొప్పి. ఫలానా పన్నని వేలు పెట్టి చూపించడానికి లేకుండా వరస మొత్తం బరువెక్కినట్టుగా ఉంది. ఏప్రన్ జేబులోంచి రేకు డబ్బా తీసింది. ఒకప్పుడు దగ్గు బిళ్ళలు అమ్మిన డబ్బా అది. మూత ఒక మూల సొట్టపోయింది. బొటనవేలితో గట్టిగా నొక్కితే టిక్కుమని తెరుచుకుంటుంది. ఒక లవంగం తీసి దవడకి ఆనించుకుని మూత వేసింది.

వెనక ఇస్త్రీ బల్ల దగ్గర చొక్కా మీద నీళ్ళు చిలకరిస్తున్న మనిషి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆవిడ అది చూడలేదు.

బట్టల మీద మనిషికి ఎంత ప్రేముంటుందో లాండ్రీ కౌంటరు వెనక నిలబడితే తెలుస్తుంది. గుండీ ఊడితే వేలు ఊడినట్టు మాట్లాడతారు. వాళ్ళే కూర చిందించుకున్న మరకకి మీరేం చేశారని అడుగుతారు. ఆ రోజు మొదట వచ్చినాయన తన ప్యాంటు కుదించుకుపోయిందన్నాడు. కౌంటరు మీద పరిచి, నడుము దగ్గర సాగదీసి చూపించాడు. పొట్ట పెరిగిన సంగతి ప్యాంటుకి తెలుసు, ఆవిడకి తెలుసు, ఇస్త్రీ చేసే మనిషికి తెలుసు. ఆయనొక్కడికే తెలియదు.

“మీ మిషన్లో ఏదో ఉంది. మనుషుల్ని దోచుకుంటున్నారు,” అన్నాడు.

ఆవిడ లవంగం మీద పళ్ళు బిగించి ఆయన చెప్పిందంతా వింది. వింటూనే పక్కన తీగకి వేలాడుతున్న హ్యాంగర్ల కొక్కేలన్నీ ఒకే వైపుకి తిప్పింది. అన్నీ ఒకే వైపు చూసేసరికి ఆయన గొంతు తగ్గింది. “సరేలెండి, కాస్త వదులు చేయించండి,” అని వెళ్ళిపోయాడు.

ఇలాంటివి ఆవిడకి కొన్ని ఉన్నాయి. హ్యాంగర్లు తిప్పడం ఒకటి. మరీ ఒళ్ళు మండితే వెనక కుళాయి దగ్గరికి వెళ్ళి మణికట్ల మీద చల్లటి నీళ్ళు పోసుకోవడం ఒకటి. సాయంత్రం ఇంటికి దగ్గర దారి వదిలేసి పార్కు చుట్టూ తిరిగి వెళ్ళడం ఇంకొకటి. పగలు పోగైనదంతా ఆ చెట్ల కింద రాలిపోతుందని ఆవిడ నమ్మకం. వీటన్నిటికీ పైన లవంగం.

వయసులో ఉన్నప్పుడు ఆవిడ నోరు నోరు కాదు. ఈ చివర మొదలుపెడితే వీధి ఆ చివర కిటికీలు మూసుకునేవారు. ఆ నోటి వల్లే బట్టల కొట్లో పని పోయింది, తర్వాత మందుల కొట్లోనూ పోయింది. “నీ నోరు మూతపడే రోజు చూడటానికి నేనుండను,” అనేవాడు భర్త. అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆయన పోయాక, చదువుకుంటున్న కొడుకుని పెట్టుకుని ఆవిడ ఈ లాండ్రీలో చేరింది. చేరిన కొత్తలోనే ఒక పన్ను పీకించుకుంటే, నొప్పి తగ్గేదాకా లవంగం పెట్టుకోమన్నారు. అదే రోజు ఒకావిడ వచ్చి దుప్పటి మారిపోయిందని నానా మాటలూ అంది. లవంగం జారిపోతుందని ఈవిడ నోరు తెరవలేదు. తిట్టి తిట్టి అలసిపోయి, “పోనీలే, నీ తప్పు కాదులే,” అంటూ ఆవిడే సర్దుకుని వెళ్ళింది. పంటి నొప్పి తగ్గింది గాని డబ్బా మాత్రం జేబులోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఇంట్లో గాని కొట్లో గాని ఆవిడ నోటి వెంట ఒక్క పెడసరం మాట ఎవరూ వినలేదు. లవంగం సంగతి ఎవరికీ తెలియదనే అనుకుంది.

అందుకే ఆ ఉదయం కొడుకు గుమ్మంలో నిలబడి బూట్లు వేసుకుంటూ చెప్పిన మాట ఆవిడకి మింగుడుపడలేదు.

“సాయంత్రం ఆ ఇంటివాళ్ళకి మాట ఇచ్చేస్తానమ్మా. ఆఫీసు నుంచి అటే వెళ్తాను.”

“ఏం ఇల్లు?”

“చెప్పాను కదా మొన్న. ఊరి ఆ చివర. చిన్నదే, మా ఇద్దరికీ సరిపోతుంది.” వంగినవాడు తల ఎత్తలేదు. “తనకి ఇక్కడ ఊపిరాడట్లేదమ్మా. నువ్వేమీ అనవు, నాకు తెలుసు. అయినా...”

“మీ ఇష్టం నాయనా,” అంది. అంతకు ముందే వంటింట్లో నొప్పికి లవంగం వేసుకుంది. కోడలు కాఫీ పెట్టుకోవడానికి వచ్చి, గుమ్మం దగ్గరే ఆగి, గాలి పీల్చి, ఖాళీ కప్పు అక్కడే పెట్టి వెనక్కి వెళ్ళింది. ఆ పిల్ల వచ్చిన దగ్గర్నుంచీ అంతే. ఆవిడ గదిలోకి వస్తే తను బయటికి పోతుంది. ఒక్క మాట అనలేదే, కూర మాడినా బాగుందనే తిన్నానే, ఇంకెలా ఉండాలి అత్తగారంటే అని ఆవిడ ఎన్నోసార్లు తనని తనే ప్రశ్నించుకుంది.

మధ్యాహ్నం ఇద్దరూ ఇస్త్రీ బల్ల ఖాళీ చేసుకుని భోజనానికి కూర్చున్నారు. ఓనరు ఎక్కణ్ణుంచో తెచ్చి గోడకి అంటించిన కాగితం ఒకటుంది. కోపం వస్తే గాలి గట్టిగా పీల్చి మెల్లగా వదలమని దాని మీద రాసి, కళ్ళు మూసుకున్న మనిషి బొమ్మ వేశారు. ఇస్త్రీ మనిషి అది చూసినప్పుడల్లా, “పొద్దస్తమానం ఈ ఆవిరే కదా పీలుస్తున్నా, నాకెందుకు తగ్గట్లేదో,” అంటాడు. ఇవాళ అనలేదు. అన్నం డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

“అక్కా, నేనేమన్నా తప్పు చేశానా?”

“నువ్వా? ఏం చేశావ్?”

“అదే అడుగుతున్నా. పొద్దున్నించి ఒకదాని మీద ఒకటి వేస్తున్నావ్.”

“ఏం వేస్తున్నాను?”

“లవంగాలు.”

ఆవిడ నములుతున్నది ఆపింది. “పంటి నొప్పిరా. దవడ లాగేస్తోంది.”

“పన్నా!” అతను తల మీది బరువు దించుకున్నట్టు గోడకి జారబడ్డాడు. “ముందే చెప్పొచ్చుగా! ఆకుపచ్చ కోటు మాడ్చిన సంగతి తెలిసిపోయిందనుకుని పొద్దున్నించీ బిక్కుబిక్కుమంటున్నా.”

“ఏ ఆకుపచ్చ కోటు?”

అతను నాలుక కరుచుకున్నాడు. “లోపలి వైపేలే అక్కా. కనపడదు.” మాట మార్చడానికే అన్నట్టు తొందరగా అందుకున్నాడు. “డబ్బా టిక్కుమందంటే ఓనరు కూడా ఫోనొచ్చినట్టు బయటికి పోతాడు, నువ్వెప్పుడూ చూడలేదా? నీ పేరే ఇక్కడ లవంగం. ‘లవంగం మంట మీదుంది, అటు పోకండి’ అంటాం.”

“ఇన్నేళ్ళలో ఎవర్నైనా ఒక్క మాటన్నానా నేను?”

“అదేగా భయం! తిడితే ఎంత తిట్టావో తెలుస్తుంది, అక్కడితో అయిపోతుంది. వాసనకి కొలతేముంది?”

ఆవిడకి నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు. అతను మెతుకులు ఏరుకుంటూ, ఇంకా చెప్పాలా వద్దా అన్నట్టు చూశాడు.

“నీ కోడలు కూడా అడిగింది ఒకసారి. నువ్వు కళ్ళద్దాలు మర్చిపోతే తెచ్చిచ్చింది చూడు, ఆ రోజు. నువ్వు వెనక కుళాయి దగ్గరున్నావ్. ‘అన్నా, ఇక్కడ కూడా మా అత్తయ్య లవంగాలు నములుతారా?’ అంది. కోపం వస్తే నములుతుందమ్మా అన్నాను. ఆ పిల్ల మొహం ఇంతైపోయింది. ‘ఇంట్లో రోజూ వాసన వస్తుంది. నేనేం చేస్తున్నానో ఒక్కసారి చెప్తే మానేస్తాను కదా, చెప్పరు’ అంది.”

గోడ మీది మనిషి కళ్ళు మూసుకుని గాలి పీలుస్తూనే ఉన్నాడు. ఆవిడ భోజనం డబ్బాకి మూత పెట్టేసింది.

ఇంట్లో వేసుకున్న లవంగాలు ఎవరి మీద కోపానివో ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తు చేసుకోబోయింది. దుప్పటి వాళ్ళవి, ప్యాంటు వాళ్ళవి, జీతం పెంచమంటే వినపడనట్టు ఊరుకున్న ఓనరువి. పార్కు చెట్ల కింద రాలకుండా మిగిలినవాటిని ఇంటికి తీసుకెళ్ళి, వంటింట్లో నిలబడి, వీళ్ళ మీద పడకూడదని పళ్ళ మధ్య నొక్కిపెట్టింది. కోడలిది అందులో ఒక్కటి కూడా లేదు. ఆ పిల్ల మాత్రం అన్నీ తన పద్దు కిందే రాసుకుంది.

మధ్యాహ్నం నుంచి నొప్పి మెడలోకి, అక్కణ్ణుంచి ఎడమ చేతిలోకి దిగింది. తడి దుప్పట్లు ఎత్తినందుకే అనుకుంది. ఒకమ్మాయి తెల్ల గౌను పట్టుకుని వచ్చి అరుస్తుంటే అలవాటుగా చెయ్యి జేబులోకి పోయింది. డబ్బా తగిలింది. తియ్యలేదు. సాయంత్రం నోరు వాసన రాకూడదు. జేబులో ఉంటే చెయ్యి ఊరుకోదని డబ్బా తీసి గుండీల సొరుగులో పడేసింది. హ్యాంగర్లు తిప్పడానికి చెయ్యి పైకి లేవలేదు. గౌను అమ్మాయి అన్నదంతా ఊరికే నిలబడి వింది. చివరికి, “మరక పోదమ్మా. పోయినట్టు నీకు అబద్ధం చెప్పలేను,” అంది. ఆ అమ్మాయి గౌను మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

“పన్ను నొప్పండీ, ముందే వెళ్తాను,” అని ఓనరుకి చెప్పి, వెనక కుళాయి దగ్గర నోరు పుక్కిలించింది. మళ్ళీ పుక్కిలించింది. అరచెయ్యి అడ్డు పెట్టుకుని ఊదుకుని వాసన చూసుకుంది. ఇస్త్రీ మనిషి బల్ల దగ్గర్నుంచే అది చూశాడు. కొడుకు ఆఫీసు వదిలేలోపు ఇంట్లో ఉండాలి. ఆ రోజు పార్కు వైపు వెళ్ళలేదు. దగ్గర దారిన, గోడలు పట్టుకుంటూ నడిచింది. మెట్ల మీద మధ్యలో కూర్చుంది. చమట తుడుచుకుని మళ్ళీ లేచింది.

కోడలు వంటింట్లో గిన్నెలు అట్టపెట్టెలోకి సర్దుతోంది. అత్తగారు ఇంత తొందరగా వస్తారనుకోలేదు. పట్టుబడ్డట్టు గిన్నె చేతిలోనే పట్టుకుని నిలబడింది.

“అమ్మాయ్, ఇలా రా. వాసన చూడు.”

“ఏంటత్తయ్యా?”

ఆవిడ కుర్చీలో కూలబడి, డాక్టరు ముందు కూర్చున్నట్టు నోరు పెద్దగా తెరిచింది. “ఆ...”

కోడలు బెదురుతూనే వంగింది. ముక్కు ఎగబీల్చింది. “ఏం వాసనా లేదు.”

“లేదు కదా. నీ మీద కోపం లేదు. ఎప్పుడూ లేదు. అవి లాండ్రీ కోపాలు. బట్టలకి మురికి అంటినట్టు నాకంటుకునేవి, ఇంటి దాకా వచ్చేవి. నీకు పంచిపెట్టానని నాకు తెలియదు.” ఊపిరి కూడదీసుకుంది. “పొద్దున్నది పంటి నొప్పి. నిజంగా నీ మీద కోపమొస్తే ఇకనుంచి నోటితోనే తిడతాను. ఆ తిట్లు విన్నాక, లవంగమే నయం అత్తయ్యా అని నువ్వే తెచ్చిస్తావు.”

కోడలు నవ్వింది. ఆ ఇంట్లో ఆ నవ్వు ఆవిడ వినడం అదే మొదలు. కాస్త బొంగురుగా ఉంది, ముక్కులోంచి వస్తుంది.

“అంత ఘోరంగా తిడతారా?”

“మీ మామయ్యని అడగాల్సింది. తప్పించుకు పోయాడు.”

కోడలు గిన్నె పక్కన పెట్టింది. ఆవిడ మొహంలోకి చూసి, “చమటలు పట్టేశాయేంటి అత్తయ్యా? నొప్పి అంత ఉందా? మరి వేసుకోండి లవంగం. నేనేమీ అనుకోను,” అంది.

“ఈ పూటకి వద్దులే.”

“అయితే ఉప్పు నీళ్ళు కాచి తెస్తాను. పుక్కిలిద్దురుగాని. రేపు డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను.”

వంటింట్లో పొయ్యి వెలిగిన చప్పుడైంది. ఆ వెంటనే కోడలు ఫోన్లో మాట్లాడుతున్న గొంతు. “ఇంకా వెళ్ళలేదు కదా? వెళ్ళకండి... ఏం గొడవా లేదు, ఇంటికి రండి ముందు. ఆ, అత్తయ్యే... పన్ను నొప్పట పాపం, మనకేం తెలుసు... అబ్బ, వచ్చాక చెప్తానన్నానా!” మళ్ళీ ఆ బొంగురు నవ్వు. కుర్చీలో ఆవిడ దవడ మీద చెయ్యి వేసుకుని, తల కిటికీ వైపు వాల్చుకుని విన్నది అదే.

కోడలు గ్లాసు పట్టుకుని వచ్చింది. “వేడి సరిపోయిందో లేదో చూడండి,” అంది. ఇంకోసారి కూడా అంది. తర్వాత గ్లాసు నేల మీద పెట్టి భుజం మీద చెయ్యి వేసింది.

దవడ నొప్పి అన్నిసార్లూ పంటిదే కాదని, గుండె ఒక్కోసారి తన నొప్పి అక్కడ చెప్పుకుంటుందని, ఆవిడ నాడి చూసి చెయ్యి మెల్లగా దించిన డాక్టరు అన్నాడు. అట్టపెట్టెలోని గిన్నెలు మళ్ళీ అలమరలోకి వెళ్ళాయి.

కొన్నాళ్ళకి ఆవిడ కళ్ళద్దాలూ, ఏప్రనూ తీసుకోవడానికి కోడలు లాండ్రీకి వచ్చింది. కౌంటరులో ఓనరే నిలబడి, ఎవరికో గట్టిగా సమాధానం చెబుతున్నాడు. హ్యాంగర్లు ఎటు పడితే అటు తిరిగి ఉన్నాయి. ఇస్త్రీ మనిషి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, ఏప్రన్ మడిచి ఇచ్చి, గుండీల సొరుగు లాగాడు.

“ఇది కూడా ఉందమ్మా. ఆ రోజు ఇక్కడే వదిలేసి వెళ్ళింది. నీకోసమే.”

ఆ పిల్ల చెయ్యి చాచింది. చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

“ఇక్కడే ఉండనివ్వన్నా. ఇంటికి తేకూడదనే కదా వదిలేశారు.”

అతను సొరుగు తొయ్యబోయి ఊరుకున్నాడు. రంగురంగుల గుండీల మధ్య రేకు డబ్బా ఒక పక్కకి ఒరిగి ఉంది. పడేసిన దెబ్బకి మూత కాస్త తెరుచుకుంది. సొట్టపోయిన మూల దగ్గర ఇరుక్కున్న లవంగం ఒకటి, తలకాయ మాత్రం బయటికి పెట్టి ఉంది.