బోల్టుకు బొట్టు

మా కారుకు ఇరవై ఏళ్ళు. తెల్లది, చిన్నది. పెనుకొండలోని నా పూజా సామాను అంగడికి ఊదొత్తులు, కొబ్బరికాయలు మోసి మోసి దాని వెనక సీటుకు కర్పూరం వాసన పట్టేసింది. ఇంజను ఇప్పటికీ ఒక్క తాళానికే లేస్తుంది. చెడిందల్లా దీపాల బుద్ధే.

ఎడమ ఇండికేటరు వేస్తే హెడ్‌లైట్లు కూడా దానితో పాటు రెప్పలు కొట్టేవి. హెడ్‌లైట్లు వేస్తే హారను గొంతు తగ్గేది. బ్రేకు తొక్కితే వెనక ఎర్రదీపం వెలగడం మానేసి, నా ముందున్న మీటర్ల దగ్గర ఏదో మిణుకుమనేది.

రిజిస్ట్రేషను ఇంకో ఐదేళ్ళు పొడిగించుకోవడానికి పోయిన నెల బండిని హిందూపురంలో చూపించాను. ఇన్‌స్పెక్టరు కుడి ఇండికేటరు వేయమన్నాడు. వేశాను. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "పెద్దాయనా, ఎటు తిరగాలో ఈ బండికే తెలీదు. బాగు చేయించుకుని తీసుకురండి" అన్నాడు.

అప్పటి నుంచి ముగ్గురు ఎలక్ట్రీషియన్ల దగ్గరికి తిరిగాను. ఒకరు బల్బులు మార్చారు, ఒకరు ఫ్యూజులు మార్చారు, ఒకరు బ్యాటరీయే మార్చేశారు. ఆంజనేయస్వామికి ఆకుపూజ కూడా చేయించాను. బల్బులు మారుస్తున్నప్పుడు స్వామిని తలచుకున్నాను, ఆకుపూజ జరుగుతున్నప్పుడు బల్బుల గురించి ఆలోచించాను. అందుకే రెండూ ఫలించలేదేమో.

"ఈసారి గూడా వెనక్కి పంపిస్తే బండిని మా కదిరప్పకు ఇచ్చేయల్ల. మాట ఇయ్యి" అంది నా భార్య జయలక్ష్మమ్మ. బండిని చూసి కాక, దానికోసం నేను తిరిగే తిరుగుడు చూసి విసిగిపోయి అలా అంది. నేను మాట ఇచ్చాను.

కదిరప్ప నా బామ్మర్ది. ధర్మవరంలో మగ్గం నేస్తాడు, చీరలు ఇంట్లోనే అమ్ముతాడు. చీరలకు వచ్చే ఆడవాళ్ళు కూర్చోవడానికి మా కారు వెనక సీటును ఫ్యాను కింద వేయాలని, మిగిలిన బండిని పాత ఇనుము కింద గుజిరీకి వేయాలని వాడి ఆలోచన. పోయిన నెలే ఆ సీటును మూర వేసి కొలుచుకున్నాడు. నిన్న పొద్దున రైల్లో దిగి, "తోడుగా నేనూ వస్తా బావా" అన్నాడు. ఉతికిన తెల్ల పంచె కట్టుకున్నాడు, చంకలో ఒక గుడ్డ సంచి.

అదే రోజు మధ్యాహ్నం మూడు గంటలకు బండిని చూపించాలి. ఒంటిగంటకు జయలక్ష్మమ్మ, కదిరప్ప, నేను హిందూపురంలో మంజునాథ్ షెడ్డుకు చేరాము. పాత బండ్ల వైరింగు పని బాగా తెలిసినవాడని ఎవరో చెప్పారు. అతను నా కథంతా విని, బల్బుల వైపు చూడనైనా చూడలేదు.

"అన్నా, కరెంటు పోయేదానికి తీగ ఉంటాది. మల్ల తిరిగి బ్యాటరీకి వచ్చేదానికి బండి రేకే దోవ. ఆ దోవ మూసుకుంటే అది పక్క బల్బు ఇంట్లో దూరి, ఆడనుంచి వస్తాది. అందుకే నువ్వొకటి వేస్తే ఇంకొకటి మిణుకుతాండాది. ఆ తిరుగు దోవ పేరే ఎర్తు. దాన్ని ఎవరన్నా చూసినారా?"

"ఎవరూ చూడలేదప్పా."

అతను బానెట్ ఎత్తి, బ్యాటరీ నుంచి నల్లతీగ పట్టుకుని వెతుక్కుంటూ పోయాడు. ఆ తీగ రేకుకు బిగించే చోటికి వచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏందన్నా ఇది?"

"బొట్టు" అన్నాను.

పన్నెండేళ్ళ కింద ఆయుధపూజకు బానెట్ మీద పసుపు రాస్తే తెల్ల రంగుకు మరక పట్టి జయలక్ష్మమ్మ నన్ను నానా మాటలూ అంది. బయట రాయవద్దంది కాబట్టి లోపల వెతికాను. గుండ్రంగా, నుదురులా నిలువుగా ఒక బోల్టు కనిపించింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం దానికే గంధం, పసుపు, కుంకుమ. ఆయుధపూజకు కొబ్బరినీళ్ళు కూడా దాని మీదే. మా అంగడి కుంకుమ మంచిది, ఊరికే రాలిపోదు. ఇప్పుడక్కడ నిమ్మకాయంత గుబ్బ కట్టి, అంచున ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. నాకు మాత్రం ఆ పచ్చదనం ఇన్నేళ్ళూ ముచ్చటగానే కనిపించింది.

"ముందు ముగ్గురు ఇది చూసినారు కదా?"

"చూసి దండం పెట్టినారప్పా."

మంజునాథ్ నవ్వు ఆపుకుని, ఇంకో తీగ తెచ్చి ఒక కొస బ్యాటరీకి, ఒక కొస గీకిన రేకుకు తగిలించాడు. "ఇప్పుడు బ్రేకు తొక్కన్నా. ఓ అన్నా, వెనక నిలబడి చూసి చెప్పు."

కదిరప్ప వెనక నిలబడ్డాడు. నేను తొక్కాను.

"లేదు బావా. చీకటే."

"గట్టిగా తొక్కు" అన్నాడు మంజునాథ్. నా కాలు నొప్పి పుట్టింది.

"ఊహూఁ. పాపం, దీని కాలం అయిపోయింది బావా" అన్నాడు కదిరప్ప.

మంజునాథ్ గడ్డం గోక్కుంటూ, ఇంకెక్కడో తీగ తెగి ఉండాలని కారు కిందికి దూరాడు. అరగంట పోయింది. నేను స్టీరింగు పట్టుకుని స్వామిని అడిగాను. నువ్వు ఈ బోల్టులో ఉన్నావా, లేక నేనే నీకు ఇక్కడ ఇల్లు కట్టి, నీకు చెప్పలేదా? బదులుగా మంజునాథ్ మాటే వినబడింది. "ఇంకోసారి తొక్కన్నా."

అంతసేపూ వెనక సీట్లో కూర్చున్న జయలక్ష్మమ్మ టీ తాగుదామని కిందికి దిగింది. రెండడుగులు వేసి తమ్ముడిని చూస్తూ నిలబడిపోయింది.

"రేయ్ కదిరప్పా. లైటు రాలేదంటివే, మోకాళ్ళ కాడ నీ పంచె ఎర్రగా ఉండాదేమిరా?"

తల బయటపెట్టి చూస్తే, షెడ్డు నీడలో వాడి తెల్ల పంచె మీద రెండు ఎర్రటి వెలుగులు పక్కపక్కన నిలిచి ఉన్నాయి. నేను కాలు తీస్తే పోయాయి. తొక్కితే మళ్ళీ వచ్చాయి.

"ఎండకు నాకు సరిగా అగపళ్ళేదక్కా."

"షెడ్డులో ఎండ యాడిదిరా?"

మంజునాథ్ కారు కింద నుంచి బయటికి వచ్చాడు. ఒంటి నిండా గ్రీజు. కదిరప్ప వైపు ఒకసారి చూసి, కన్నడంలో తనలో తాను ఏదో అనుకున్నాడు. ఆ మాటకు అర్థం నేను అడగలేదు.

"ఆయ్తు, తెలిసిపోయింది. ఈ బోల్టు ఇప్పి గీకితే చాలు" అన్నాడు. అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మల్ల ఇప్పప్పా."

"దేవుని బొట్టు చెరిపేది నా చేత కాదన్నా. నాకూ ఇంట్లో ఆడబిడ్డలు ఉండారు."

"నేను పెట్టింది నేనే ఎట్ల చెరిపేది?" అన్నాను. కదిరప్ప నాకంటే ముందే రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు. "ఈ తీగ ఇట్లే కట్టుకుని పోతే?"

"ఆ ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తతానే వెనక్కి పంపుతాడు."

రెండుంపావు. నలుగురమూ ఆ గుబ్బ చుట్టూ నిలబడి చూస్తున్నాము. చెరపడానికి నా చెయ్యి రావడం లేదు, కారును వదులుకోవడానికి మనసు రావడం లేదు.

"ఏమయ్యా, ఇంట్లో స్వామికి పొద్దున్నే ఏం చేస్తావు?" అంది జయలక్ష్మమ్మ.

"పూజ చేస్తా."

"అంతకుముందు?"

"నిన్నటి పూలు తీస్తా. నిన్నటి బొట్టు తుడిచి, నీళ్ళు పోస్తా."

"ఈడ పన్నెండేళ్ళుగా పోసినావా? నిన్నటి దాని మీద ఈ పొద్దుది, దాని మీద మల్ల వారానిది. ఏ స్వామికైనా ఊపిరాడతాదా?"

అంగడిలో కూర్చుని పది మందికి పూజావిధానం చెప్పేవాడిని నేను. నిర్మాల్యం తీయకుండా పూజ చేయకూడదని చెప్పేదీ నేనే.

చెప్పులు విడిచాను. మంజునాథ్ ఒక చిన్న గిన్నెలో పెట్రోలు, ఒక బ్రష్షు ఇచ్చాడు. మనసులో స్నానం మంత్రం చెప్పుకుంటూ రుద్దాను. వచ్చిందంతా కింద పడకుండా జయలక్ష్మమ్మ కాగితంలో పట్టింది, తర్వాత ఏ చెట్టు మొదట్లోనో వేయవచ్చని. బోల్టు తల బయటపడింది.

"పన్నెండో నంబరు పానా కావల్ల" అంటూ మంజునాథ్ తన పెట్టె వైపు తిరిగాడు. జయలక్ష్మమ్మ అంతలోనే తమ్ముడి చంకలోని సంచి లాగి, అందులో నుంచి ఒక పానా తీసి ఇచ్చింది.

"దీంతో ఇప్పప్పా. మా వాడు సీటు ఊడబీక్కోనేదానికి ధర్మవరం నుంచి తెచ్చినాడు."

అది సరిగ్గా సరిపోయింది.

ఉప్పుకాగితంతో రేకును తెల్లగా వచ్చేదాకా గీకి, తీగ కొసను గీకి, మంజునాథ్ బోల్టును బిగించాడు. ఆ అదనపు తీగ తీసేశాడు. నేను అన్ని స్విచ్చులూ ఒక్కొక్కటే వేశాను. ఏది వేస్తే అదే వెలిగింది. హారను గొంతు కూడా తిరిగి వచ్చింది.

మూడు గంటలకు అదే ఇన్‌స్పెక్టరు. "ఎడమ. కుడి. హెడ్‌లైటు. డిమ్ము. బ్రేకు." బండి ఏ మాటకూ తడబడలేదు. ఆయన బానెట్ ఎత్తించి, లోపల అటూ ఇటూ చూసి, మెరుస్తున్న బోల్టు దగ్గర ఆగాడు.

"అన్నీ బాగుండాయి. కానీ పెద్దాయనా, ఇంత పాత బండి, యాడా ఒక బొట్టు గూడా పెట్టలేదే?"

నా వెనక జయలక్ష్మమ్మకు దగ్గు వచ్చింది, చాలాసేపు ఆగలేదు.

"ఇప్పుడే నీళ్ళు పోసినాం సార్. ఇంకా పెట్టలేదు" అన్నాను.

ఆయన సంతకం పెట్టాడు. ఐదేళ్ళు.

కదిరప్పను హిందూపురం స్టేషన్‌లో ధర్మవరం రైలుకు దింపాము. సంచి తీసుకుని పోబోతుంటే పిలిచాను.

"కదిరప్పా, పోయే ముందు ఒకసారి వెనక నిలబడి చూడు. కొంచెం గట్టిగా చెప్పు, నా చెవులు సరిగా పనిచేయవు."

తొక్కాను. వాడు సంచిని ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాడు. ఆటో స్టాండులోని వాళ్ళందరూ తిరిగి చూసేంత గట్టిగా తర్వాత చెప్పాడు.

"వెలుగుతాండాయి బావా. రెండూ."