బురద ఇటుకల ఇల్లు

జమ్మలమడుగులో హర్ష బండల ఫ్యాక్టరీ వెనుక బురద గుట్టలుగా పేరుకుపోయేది. నల్లరాయిని కోసి, నునుపు చేసి, మెరుగు పెట్టగా మిగిలిన బురద అది. ఎండితే ధూళి, తడిస్తే ఊబి. దానిలో కలమల్ల థర్మల్ కరెంటు కేంద్రం నుంచి తెచ్చిన బూడిద, కొంచెం సిమెంటు కలిపి, యంత్రంతో ఒత్తితే గట్టి ఇటుక అవుతుందని ఏంజెల్ చేసి చూపింది. ఆ ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఇంజనీరు ఆమె. బట్టీ లేదు, పొగ లేదు. నీటితో తడుపుతూ ఆరనివ్వడమే పని.

ఫ్యాక్టరీ యజమాని హర్ష మురిసిపోయాడు. గేటు మీద పచ్చని బోర్డు వెలిసింది; కరపత్రాల నిండా ఆకుల బొమ్మలు మొలిచాయి. ఇటుకలు మాత్రం కదలలేదు. ఒక్క పెద్ద ఆర్డరైనా రాకుంటే నెలాఖరుకు ఆ యంత్రాన్ని ఆపేస్తానని అతడు తేల్చి చెప్పాడు.

ఆ ఆర్డరు కోసమే ఇద్దరూ పులివెందుల వెళ్లారు. అరటికాయల వ్యాపారి వనజమ్మ అక్కడ పెద్ద ప్యాకింగ్ షెడ్డు కట్టించబోతోంది. ఏంజెల్ ఇటుకను ఆమె చేతిలో పెట్టి, అది ఎంత బరువు మోస్తుందో వివరించింది. వనజమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"బాగనే ఉండాది. ఏమప్పా హర్షా, ప్రొద్దుటూర్లో ఇల్లు కడతాండావంట గదా. దేంతో కడతాండావు?"

"ఎర్ర ఇటుకతో, అక్కా."

"అట్లనా! నీ ఇంటికి కాల్చిన ఇటుక, నా షెడ్డుకు బురద ఇటుకనా? పోయిరాపో నాయనా!"

తిరుగు దారిలో హర్ష విసుక్కున్నాడు. "ఆయమ్మకు పర్యావరణమంటే ఏం తెలుసు?"

"శానా తెలుసు సార్. మనం కట్టుకోనిది వాళ్లనెట్లా కట్టుకోమంటాం?"

"మా బంధువులు నవ్వరా? హర్ష బురదలో కాపురం పెట్టినాడని?"

"నవ్వనీండి. నవ్వేదానికైనా వచ్చి చూస్తారు గదా!"

ఇంతకాలం పచ్చదనం హర్షకు పరులకు అమ్మే సరుకు. తన గడపకు వచ్చేసరికి అది పరువు తక్కువ. ముద్దనూరులో దారి చీలింది. జమ్మలమడుగు వైపు పోవలసిన కారును అతడు ప్రొద్దుటూరు వైపు తిప్పాడు.

అక్కడ ఇంటి పునాది పూర్తయింది. గోడలు మొదలు కావాలి.

"బాషా, ఎర్ర ఇటుక వద్దని చెప్పు. మన ఫ్యాక్టరీదే వస్తాది."

మేస్త్రీ బాషా పకపకా నవ్వాడు. "ఏంది సార్, దుడ్లు అయిపోయినాయా?"

"ఉండాయి లేప్పా, పని చూడు."

"సరే. పైన సిమెంటు పూత పూస్తే ఎవురికీ కనపడదులే."

హర్ష ముఖం తేటపడింది. "ఆ, అదీ మాట!"

"వద్దు సార్," అంది ఏంజెల్. "వీధి వైపు గోడకు పూత వద్దు. దాచిపెట్టినామంటే ఎర్ర ఇటుకతో కట్టినట్టే."

హర్ష చుట్టూ చూశాడు. రంగురంగుల మేడలు, రాతి పలకల ముఖద్వారాలు, బాల్కనీల్లోంచి తొంగిచూసే ఇరుగుపొరుగు. బాషా వైపు తిరిగాడు.

"పూయొద్దు. కనపడనీ."

గోడ నడుమెత్తు లేచిన రోజు ఏంజెల్ ఫోను చేసి వనజమ్మను పిలిచింది. ఆమె వచ్చి, బూడిదరంగు వరసల మీద అరచేయి ఆనించి, ఈ కొసనుంచి ఆ కొసకు నడిచింది. పొగడలేదు, పెదవి విరవలేదు.

"మా పునాది కూడా అయిపోయింది. ఇటుక ఎప్పుడు పంపిస్తావప్పా?"

హర్ష నవ్వి, ఏంజెల్‌ను చూపించాడు. "ఆ మాట ఆమెనే అడుగక్కా."

"ఎల్లుండి నుంచి దింపుతాం అమ్మా," అంది ఏంజెల్.