మహిపాల్ కట్టిన మొలతాడు

వినాయక నిమజ్జనం అయిన మరుసటి బుధవారం, పొద్దున ఎనిమిది గంటల పది నిమిషాలకు, ఎల్లారెడ్డి పక్క పల్లెలో భూదవ్వ అరుగు మీద బీడీలు చుడుతోంది. కొడుకు మహిపాల్ వాకిట్లో చాయ్ తాగుతున్నాడు. అప్పుడే వాళ్ల మక్కచేనులోని గడ్డిబొమ్మ కట్టె దిగి నడుచుకుంటూ వచ్చింది. మహిపాల్ వైపు చేతులు చాచి "బాపూ" అంది.

మహిపాల్ గ్లాసు పారేసి, లోపలికి ఉరికి గడియ పెట్టుకున్నాడు.

భూదవ్వ బొమ్మను ఎగాదిగా చూసింది. బోర్లించిన కుండే తల. బొగ్గుతో గీసిన కోరలు. మహిపాల్ పాత అంగీ, లాగు. నడుముకు నల్ల మొలతాడు. మనవడు పుడితే కట్టాలని భూదవ్వే దాన్ని ఎల్లమ్మ ముందు పెట్టి తెచ్చింది. ఏడేండ్లుగా దేవుని గూట్లోనే ఉంది. సుతిలితాడు అయిపోయిందని మహిపాల్ దాన్ని తీసుకుపోయి బొమ్మ లాగుకు బిగించాడు. ఆ ఇంట్లో బిడ్డకు మొలతాడు కట్టేది తండ్రే. మహిపాల్‌కు వాళ్ల బాపు కట్టాడు, ఆయనకు ఆయన బాపు.

భూదవ్వ తలుపు దగ్గరికి పోయి మెల్లగా అంది. "నువ్వే కట్టినవ్‌రా. బయటికి రా."

"దాని పండ్లు చూసినవా అవ్వా?"

"గీసిందెవలు? పందులు బెదరాలని గీసి, ఇప్పుడు నువ్వే బెదురుతున్నవా?"

ఈలోగా వాడకట్టంతా జమైంది. బొమ్మ నడిచిందని ఎవరూ వింతపడలేదు. ఆ మొహం చూస్తే పిల్లలు జడుసుకుంటారన్నదే వాళ్ల బాధ. ఎవరో రాయి విసిరితే కుండ చెంప పెచ్చు లేచింది. అయినా బొమ్మ కదల్లేదు, తలుపు వైపే చూస్తూ నిలబడింది.

పక్కింటి వెంకటి అగ్గిపెట్టె తీశాడు. "గడ్డే గదనే భూదవ్వా. నిమిషంల అయిపోతది."

భూదవ్వ బొమ్మను అరుగు మీద కూర్చోబెట్టి, దాని చేయి తన ఒళ్లో పెట్టుకుని పక్కనే కూర్చుంది.

"అంటువెట్టు వెంకటి. నా చీర గూడ నూలుదే, మంచిగ మండుతది."

"అది పోరడా ఏందే, గంతగనం చేస్తున్నవ్?"

"మొలతాడు కనవడతలేదా?"

వెంకటి పుల్ల గీశాడు. లోపల కోడలు హారిక గొంతు లేచింది. "పిల్లలు లేనిదాన్నని నన్ను తొట్టెల పండుగలకు పిలవనోళ్లే గా బయటున్నది. వాళ్లకు నీ కొడుకును అప్పజెప్పి నువ్వీడ దాసుకుంటవా?"

గడియ తీసిన చప్పుడైంది. మహిపాల్ బయటికి వచ్చి, వెంకటి చేతిలోని పుల్లను నోటితో ఊదేశాడు. అరుగు మీద కూర్చుని బొమ్మను ఒళ్లోకి తీసుకున్నాడు.

"యాడ తాకిందిరా?"

"ఈడ, బాపూ," అని వాడు చెంప చూపించాడు.

తెల్లారి భూదవ్వ దీపం పెట్టి, కుంకుమ భరిణె పట్టుకుని, మనవడి తొట్టెలకు వాడకట్టంతా పిలిచొచ్చింది. మొదట వెంకటి ఇంటికే పోయింది. హారిక మెత్తటి మట్టి తడిపి పగిలిన చెంపకు అద్దింది.

"పండ్లు తుడుద్దామా?" అని మహిపాల్ అడిగాడు.

"ఎందుకు? వాని మొకం వానిది," అంది హారిక.

మహిపాల్ కొడుకును బండి ముందు కూర్చోబెట్టుకున్నాడు. వెంకటి ఇంటి ముందు నిమ్మళంగా నడుపుతూ హారన్ కొట్టి, వాడికి చెప్పులు కొనడానికి ఎల్లారెడ్డి పోయాడు.